ఎదుటి పార్టీ పెట్టిన చర్చకు ఎలా వెళ్ళాలి?

హనుమకొండ అంబేద్కర్ భవన్‌లో సదస్సు, ప్రెస్ క్లబ్‌లో రౌండ్ టేబుల్ సమావేశం, ఏదో ఫంక్షన్ హాల్లో చర్చా వేదిక, ఊళ్ళల్లో రచ్చబండ. పేరు ఏదైనా కరపత్రం కింద మాత్రం ఒకే మాట ఉంటుంది: అందరూ ఆహ్వానితులే. ఆ పార్టీ మనది కాకపోతే ఆ మాటను మనం పట్టించుకోం. వాళ్ళ సభకు వాళ్ళే పోతారు, మన సభకు మనమే పోతాం. అందుకే వేదిక మీదున్నవాళ్ళు చెప్పడం, కిందున్నవాళ్ళు చప్పట్లు కొట్టడం తప్ప చర్చ అనేది జరగదు.

పోవాలనే నేను అంటాను. అడ్డుకోవడానికి కాదు, అక్కడ గెలిచి రావడానికీ కాదు. మన ఇంటిపక్కాయన, మన మేనబావ, మనతో కలిసి చదువుకున్నవాడు ఆ పార్టీకి ఎందుకు ఓటేస్తున్నారో వాళ్ళ నోటనే వినడానికి పోవాలి. మన నాయకులు మనకు చెప్పకుండా దాటేసిన సంగతి ఒకటైనా అక్కడ తెలుస్తుంది. వీలైతే ఒక్క మంచి ప్రశ్న అడిగి రావచ్చు. మీ కండువా గులాబీ అయినా, మూడు రంగులదైనా, కాషాయమైనా, మీది ఎర్రజెండా అయినా, ఏ జెండా లేకపోయినా పద్ధతి ఒకటే.

ముందు అది ఏ రకం సభో తేల్చుకోండి

అన్ని సభలూ చర్చలు కావు. 2022 మే 6న హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ మైదానంలో కాంగ్రెస్ రైతు డిక్లరేషన్ ప్రకటించిన సభ, 2023 జూలై 8న అదే మైదానంలో ప్రధానమంత్రి మాట్లాడిన బీజేపీ సభ, 2025 ఏప్రిల్ 27న ఎల్కతుర్తిలో బీఆర్ఎస్ రజతోత్సవ సభ, ఇవన్నీ బహిరంగ సభలు. అక్కడ జనం ఉంటారు, మైకులు ఉంటాయి, మీ చేతికి మాత్రం మైకు రాదు. వినాలనుకుంటే పోవచ్చు, అడగాలనుకుంటే అది చోటు కాదు.

కార్యకర్తల సమావేశం, సన్నాహక సమావేశం, విస్తృతస్థాయి సమావేశం అని రాసి ఉంటే అవి పార్టీ ఇంటి ముచ్చట్లు. మనం పోకూడదు. పోతే వాళ్ళు అనుమానిస్తారు, అనుమానించడంలో తప్పు కూడా లేదు.

మనకు కావాల్సింది సదస్సు, చర్చా వేదిక, రౌండ్ టేబుల్, రచ్చబండ లాంటివి. వాటిలో కూడా ప్రశ్నలకు సమయం ఇస్తారో లేదో ముందే కనుక్కోవాలి. కరపత్రం మీద గానీ ఫ్లెక్సీ మీద గానీ నిర్వాహకుల నంబర్ ఉంటుంది. ఫోన్ చేసి సూటిగా అడగండి: "అన్నా, ఈ మీటింగ్‌కు ఎవరైనా రావచ్చా? చివర్ల ప్రశ్నలు అడగనిస్తరా? అసలు ఎన్నింటికి మొదలైతది?" మీరెవరో కూడా అప్పుడే చెప్పేయండి. "నేను మీ పార్టీ కాదన్నా, ఫలానా పార్టీకి ఓటేస్త. విందామని వస్తున్న, అవకాశమిస్తే ఒక ప్రశ్న అడుగుత." ఇలా చెప్తే రావద్దంటారని చాలామందికి భయం. నేను చూసినంతవరకు ఎదుటి పార్టీ మనిషి వస్తానంటే నిర్వాహకులు సంతోషిస్తారు. తమ సభకు విలువ పెరిగిందనుకుంటారు. ఒకవేళ వద్దంటే, గొడవ పడకుండా ఊరుకోండి. హాలు వాళ్ళు కిరాయికి తీసుకున్నది, పిలిచే హక్కు వాళ్ళదే.

కరపత్రంలో 10 గంటలు అని ఉంటే ముఖ్య అతిథి వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. ఆ ఖాళీ సమయాన్ని వృథా అనుకోకండి. పక్కన కూర్చున్నవాళ్ళతో మాట్లాడటానికి అంతకన్నా మంచి సమయం దొరకదు.

ఎన్నికలు నడుస్తుంటే లెక్క వేరు

ఇది చాలామందికి తెలియదు, తెలియక చిక్కుల్లో పడతారు. ఎన్నికల ప్రవర్తనా నియమావళి అమల్లో ఉన్నప్పుడు ఒక పార్టీ కార్యకర్తలు, సానుభూతిపరులు ఇంకో పార్టీ సభలో గందరగోళం సృష్టించకూడదు. ఆ నియమం అంతటితో ఆగలేదు. నోటితో ప్రశ్నలు అడిగి గానీ, రాసిచ్చి గానీ, మన పార్టీ కరపత్రాలు పంచి గానీ సభను చెడగొట్టకూడదని విడమరిచి చెప్పింది. ప్రశ్న అడగడం నేరమని దానర్థం కాదు. ప్రశ్న పేరుతో సభను ఆగం చేయడం తప్పు. కాబట్టి ఆ రోజుల్లో అధ్యక్షత వహించే మనిషి స్వయంగా ప్రశ్నలు అడగమంటేనే లేవండి. అనకపోతే విని వచ్చేయండి. మీ పార్టీ కరపత్రం జేబులో కూడా ఉంచుకోకండి.

దీనికి తోడు చట్టం కూడా ఉంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 127వ సెక్షన్ ప్రకారం, ఎన్నిక నోటిఫికేషన్ వచ్చినప్పటి నుంచి పోలింగ్ రోజు దాకా రాజకీయ సభను జరగనీయకుండా అల్లరి చేస్తే 6 నెలల దాకా జైలు గానీ, రూ.2,000 దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. అల్లరి చేయడమే కాదు, చేయమని పక్కవాణ్ణి ఎగదోసినా అదే శిక్ష. సభాధ్యక్షుడు కోరితే పోలీసు మీ పేరు, చిరునామా అడగవచ్చు. అప్పుడు చెప్పాల్సిందే, తప్పుడు పేరు చెప్పకూడదు. ఇక పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు అసలు సభలే ఉండవు.

ఎన్నికలు లేని రోజులే చర్చకు మంచివని నా అభిప్రాయం. ఓటు అడిగే తొందర ఉండదు కాబట్టి నాయకుడు కూడా కొంచెం నిదానంగా, నిజంగా మాట్లాడతాడు.

ప్రభుత్వ ఉద్యోగులకు, ఉపాధ్యాయులకు ఒక మాట. మీ సర్వీసు నిబంధనలు రాజకీయ పార్టీల కార్యక్రమాల్లో పాల్గొనడాన్ని ఒప్పుకోవు. అది ఎదుటి పార్టీకే కాదు, మీరు అభిమానించే పార్టీకీ వర్తిస్తుంది. ఏ పార్టీదీ కాని పౌర వేదికలు పెట్టే చర్చలకు కూడా ముందు పై అధికారిని అడిగి వెళ్ళడం మేలు.

మీ వాళ్ళకు ముందే చెప్పండి

మీరు ఒక పార్టీలో తిరిగే మనిషైతే ఈ పని తప్పనిసరి. వరంగల్ చిన్న ఊరేం కాదు గానీ, రాజకీయాల విషయంలో ఎవరు ఎక్కడ కూర్చున్నారో గంటలో తెలిసిపోతుంది. ఫొటో మీకంటే ముందే మీ మండల అధ్యక్షుడి ఫోన్లోకి చేరుతుంది. చేరిన తర్వాత మీరు చెప్పే మాట సంజాయిషీ అవుతుంది, ముందే చెప్తే సమాచారం అవుతుంది. "అన్నా, వాళ్ళు కోచ్ ఫ్యాక్టరీ మీద చర్చ పెట్టిండ్రు. పోయి విని వస్త. ఏమన్నరో మీకు చెప్త." ఇంతే చాలు. పోవద్దని గట్టిగా అంటే ఏం చేయాలనేది మీ ఇష్టం. ఎదుటివాళ్ళ మాట వినొద్దనే నాయకుడు, తన మాటల్లో పస ఉందని తనే నమ్మడం లేదని నేననుకుంటాను.

ఇంట్లో కూడా చెప్పండి. అన్నదమ్ములు చెరో పార్టీలో ఉన్న ఇళ్ళు మన దగ్గర తక్కువేం కాదు. ఆ పార్టీలో ఉన్న తమ్ముణ్ణో, బావనో తోడు తీసుకుపోతే ఇంకా మంచిది. వాళ్ళ పక్కన కూర్చుంటే అక్కడివాళ్ళకు మీ మీద అనుమానం ఉండదు, మీకూ ధైర్యంగా ఉంటుంది. ఆడవాళ్ళు వెళ్తుంటే కనీసం ఇద్దరు కలిసి వెళ్ళండి. ఒక్కరే అయితే మైకు మీ దాకా రావడం కష్టమని అనుభవం చెప్తుంది, ఇద్దరు చెయ్యెత్తితే చూడక తప్పదు.

చదువుకొని వెళ్ళండి

అసలు పని ఇదే. మిగతావన్నీ మర్యాదలు, జాగ్రత్తలు. చదవకుండా పోయినవాడు కోపం తెచ్చుకొని వస్తాడు, చదివి పోయినవాడు ఏదో ఒకటి నేర్చుకొని వస్తాడు.

కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ సంగతే తీసుకుందాం. మన ప్రాంతంలో ఏ పార్టీ సభ పెట్టినా ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వస్తుంది. 1980లలో మనకు రావాల్సిన ఫ్యాక్టరీ పంజాబ్‌లోని కపుర్తలాకు పోయిందన్న బాధ కాజీపేట పెద్దవాళ్ళలో ఇప్పటికీ ఉంది. 2014 విభజన చట్టం వచ్చాక "చట్టంలోనే రాశారు, ఇవ్వలేదు" అని ఒకరు, "ఇస్తామని చట్టంలో ఎక్కడుంది" అని ఇంకొకరు, ఏళ్ళ తరబడి కొట్లాడుకున్నారు. మీరు చేయాల్సింది ఆ చట్టం తెరిచి 13వ షెడ్యూల్ చదవడం. అపాయింటెడ్ డే, అంటే రాష్ట్రం ఏర్పడిన రోజు నుంచి 6 నెలల్లోగా తెలంగాణలో రైల్ కోచ్ ఫ్యాక్టరీ ఏర్పాటును రైల్వే పరిశీలించాలని, త్వరగా నిర్ణయం తీసుకోవాలని అందులో ఉంది. ఫ్యాక్టరీ పెట్టి తీరాలని లేదు. అలాగని ఏమీ లేదనడమూ అబద్ధమే, ఎందుకంటే 6 నెలల గడువు ఉంది, త్వరగా తేల్చాలని ఉంది. 2014 జూన్ 2 నుంచి లెక్క వేసుకుంటే ఆ గడువు అదే ఏడాది డిసెంబర్‌తో ముగిసింది. కాజీపేటలో రూ.500 కోట్లకు పైగా ఖర్చుతో రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన జరిగింది 2023 జూలై 8న.

ఇప్పుడు చూడండి, ఒక్క పేజీ చదివితే రెండు పక్కల వాదనల్లో ఏది నిలబడుతుందో, ఏది నిలబడదో తెలిసిపోయింది. ఆ సభలో కూర్చున్నప్పుడు ఎవరు ఎక్కడ ఎక్కువ చెప్తున్నారో, ఎక్కడ తక్కువ చెప్తున్నారో మీకు అర్థమవుతుంది.

బయ్యారం స్టీల్ ప్లాంట్ కూడా ఇంతే. అప్పటి ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం పెట్టడానికి సాధ్యమవుతుందా లేదా అని 6 నెలల్లో పరిశీలించమని అదే షెడ్యూల్ కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్‌కు చెప్పింది. ఇప్పుడు బయ్యారం మహబూబాబాద్ జిల్లాలో ఉంది. గిరిజన విశ్వవిద్యాలయం సంగతి వేరు. అదీ 13వ షెడ్యూల్లోదే, ములుగులో సమ్మక్క సారక్క పేరుతో పెట్టడానికి పార్లమెంటు చట్టం చేసింది 2023 డిసెంబర్‌లో. మూడు హామీలు ఒకే షెడ్యూల్లో ఉన్నాయి, మూడింటి నడక మూడు రకాలు. "కేంద్రం అన్నీ ఇచ్చింది" అన్నా, "ఏమీ ఇవ్వలేదు" అన్నా ఈ మూడింటిని విడివిడిగా అడగాలి.

నీళ్ళ మీద సభ అయితే, ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ ఇచ్చిన నివేదిక చూడండి. కాళేశ్వరం ప్రాజెక్టును 2019 జూన్ 21న ప్రారంభించారు. అందులోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగింది 2023 అక్టోబర్ 21న. ఆ ప్రాజెక్టు మీద కాగ్ నివేదిక శాసనసభ ముందుకు వచ్చింది 2024 ఫిబ్రవరిలో. మొత్తం చదవలేకపోతే సారాంశం పేజీలైనా చదవండి. పేపర్లో వచ్చిన నాలుగు లైన్లు, మన వాట్సాప్ గ్రూపులో తిరిగిన రెండు లైన్లు పట్టుకొని పోతే వేదిక మీదున్నాయన రెండు నిమిషాల్లో పక్కకు తోసేస్తాడు.

ఇంకో ముఖ్యమైన చదువు ఉంది, అది మీ సొంత పార్టీ గురించి. మీ పార్టీకి నొప్పి కలిగించే సంగతులు ముందే ఒక కాగితం మీద రాసుకోండి. మీరు బీఆర్ఎస్ అయితే, 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర మొదలైన రైతుబంధులో కౌలు రైతుకు చోటు దొరకలేదన్నది రాసుకోండి. మీరు కాంగ్రెస్ అయితే, 2022 నాటి ఆ వరంగల్ రైతు డిక్లరేషన్‌లో పెట్టుబడి సాయం ఎకరానికి ఏడాదికి రూ.15,000 అని చెప్పి 2025 జనవరి 26 నుంచి రూ.12,000 అన్నారన్నది రాసుకోండి. మీరు బీజేపీ అయితే బయ్యారం రాసుకోండి. ఇవి అక్కడ వాళ్ళు అడిగినప్పుడు మొదటిసారి వింటే ముఖం మాడిపోతుంది, కోపం వస్తుంది. ముందే తెలిసి ఉంటే "అవునన్నా, అది నిజమే" అనగలుగుతారు. ఎదుటివాళ్ళ సభలో ఈ మాట అనగలిగిన మనిషి అడిగే ప్రశ్నకు ఉండే బరువు వేరు.

ఒక్క ప్రశ్న తయారు చేసుకోండి

ఒకటే. రెండో ప్రశ్న అడిగితే మొదటిదాన్ని వదిలేసి సులువైనదానికి జవాబు చెప్తారు.

ప్రశ్నలో మూడు భాగాలు ఉంటే చాలు. మీ పేరు, ఊరు ఒక ముక్క. ఒక నిజం, అది ఏ కాగితంలో ఉందో ఒక ముక్క. చివరికి అడగాల్సిందొకటి. మొత్తం ఒక్క నిమిషం దాటకూడదు. ఇంట్లో గట్టిగా చదివి చూసుకోండి. ఉదాహరణకు ఇలా: "నమస్తే సార్. మాది నర్సంపేట దగ్గర. విభజన చట్టం 13వ షెడ్యూల్లో ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం మీద 6 నెలల్లో పరిశీలన జరగాలని ఉంది. ఆ పరిశీలనలో ఏం తేలిందో, ఆ నివేదిక ప్రజలకు చూపించమని మీ పార్టీ అడుగుతుందా?" ఇందులో తిట్టు లేదు, వెటకారం లేదు. అడుగుతుందో లేదో చెప్పాలి. తప్పించుకుంటే హాల్లో ఉన్నవాళ్ళందరికీ తెలిసిపోతుంది.

"మోసం చేశారు కదా, సిగ్గు లేదా?" అన్నది ప్రశ్న కాదు. దానికి జవాబు ఉండదు, జవాబుగా అరుపులే వస్తాయి. "దీనిపై మీ అభిప్రాయం ఏమిటి?" అన్నా లాభం లేదు, పావుగంట ఉపన్యాసం వచ్చి పడుతుంది. ఏ తేదీలోగా, ఏ కాగితం, ఎంత, ఎవరు బాధ్యులు అని అడిగే ప్రశ్న మంచి ప్రశ్న.

ప్రశ్న రాసుకున్నాక ఒక పరీక్ష పెట్టండి: ఇదే ప్రశ్నను మీ పార్టీ సభలో మీ నాయకుణ్ణి అడగగలరా? రుణమాఫీనే చూడండి. 2018లో ఒక పార్టీ లక్ష రూపాయల దాకా అంది, 2023లో ఇంకో పార్టీ 2 లక్షల దాకా అంది. ఇద్దరి హయాంలోనూ మాఫీ అందిన రైతులున్నారు, బ్యాంకు చుట్టూ తిరిగిన రైతులూ ఉన్నారు. "మా మండలంలో మాఫీ కాని రైతుల జాబితా, కారణంతో సహా, పంచాయతీ ఆఫీసులో పెట్టడానికి మీరు ఒప్పుకుంటారా?" అనే ప్రశ్నను ఇద్దరినీ అడగొచ్చు. ఈ పరీక్షలో నెగ్గని ప్రశ్నను చించేయండి. అది రైతు కోసం అడిగేది కాదు, మన పార్టీ కోసం అడిగేది. అక్కడ కూర్చున్న రైతుకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

ఆ రోజు

బట్టల రంగు చూసుకోండి. గులాబీ చొక్కా వేసుకొని బీజేపీ సదస్సుకో, కాషాయం చొక్కాతో బీఆర్ఎస్ చర్చకో పోతే మీరు నోరు తెరవకముందే మీ మాట అయిపోతుంది. తెల్లచొక్కా కూడా ఒక్కోసారి నాయకుడి లెక్క కనిపిస్తుంది, మామూలు గళ్ళ చొక్కా మంచిది. బండి మీద మీ పార్టీ స్టిక్కర్ ఉంటే బండి కాస్త దూరంగా పెట్టండి లేదా ఆటోలో వెళ్ళండి. ఫోన్ కవర్ మీద నాయకుడి ఫొటో ఉన్నా తీసేయండి.

పార్టీ వాళ్ళు పెట్టిన వ్యాన్ ఎక్కకండి. సొంత ఖర్చుతో వెళ్ళండి. పరకాల, నర్సంపేట, ములుగు, జనగామ వైపు నుంచి వచ్చేవాళ్ళు హనుమకొండ బస్టాండ్‌లో దిగగానే మీ ఊరికి చివరి బస్సు ఎన్నింటికో కనుక్కోండి. ప్రశ్నల సమయం ఎప్పుడూ చివరే ఉంటుంది, బస్సు కోసం మధ్యలో లేచిపోతే వచ్చిన పని కాదు.

లోపలికి పోయేటప్పుడు రిజిస్టర్‌లో పేరు, ఫోన్ నంబర్ రాయమంటారు. పేరు, ఊరు రాయండి. నంబర్ ఇవ్వడం మీ ఇష్టం. ఇస్తే రేపటి నుంచి వాళ్ళ గ్రూపుల్లో మీరు ఉంటారు, ఒక్కోసారి సభ్యుల లెక్కలో కూడా ఉంటారు.

అన్నిటికంటే పెద్ద జాగ్రత్త కండువా దగ్గర. మన దగ్గర కండువా మెడలో పడిందంటే పార్టీలో చేరినట్టే లెక్క. వచ్చినవాళ్ళందరికీ మర్యాదగా కప్పుకుంటూ పోతారు, అటు నుంచి ఫొటో తీస్తారు, తెల్లారి జిల్లా పేజీలో "పలువురి చేరిక" అని వస్తుంది. చేతులు జోడించి ముందే చెప్పండి: "వద్దన్నా, నేను విందామని వచ్చిన. గౌరవమే గానీ కండువా వద్దు." బలవంతం చేస్తే నవ్వుతూ చేత్తో అందుకొని మడిచి తిరిగి ఇచ్చేయండి. విసిరేయడం, కింద పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఆ గుడ్డ కోసం ఏళ్ళ తరబడి తిరిగిన మనిషి మీ ముందు నిలబడి ఉంటాడు.

వేదిక మీదికి పిలిచినా పోకండి, కిందే ఉండండి. మధ్య వరుసలో, నడిచే దారి పక్కన కుర్చీ చూసుకోండి. మైకు పట్టుకొని తిరిగే కుర్రాడికి మీరు అక్కడ కనిపిస్తారు, అవసరమైతే లేచి బయటికి రావడమూ సులువు. చాయ్ ఇస్తే తాగండి, భోజనం పెడితే తినండి. కలిసి అన్నం తింటే మాట కలుస్తుంది. డబ్బు ఎవరైనా ఇవ్వజూపితే మాత్రం ముట్టుకోవద్దు.

వినేటప్పుడు

సభ మొదట్లో అమరులకు నివాళి అని మౌనం పాటిస్తారు. ఏ పార్టీ సభ అయినా లేచి నిలబడండి, అమరులు ఏ పార్టీకీ సొంతం కాదు. రాష్ట్ర గీతానికీ అంతే. పార్టీకి, నాయకుడికి జై కొట్టమన్నప్పుడు కూర్చొని ఉంటే సరిపోతుంది, ఎవరూ ఏమీ అనరు. నచ్చిన మాట వస్తే చప్పట్లు కొట్టడానికి సంకోచించకండి. మీ పార్టీకి వచ్చే నష్టమేమీ లేదు.

చిన్న నోట్‌బుక్ తీసుకుపోండి. ఫోన్లో రాసుకుంటుంటే రికార్డు చేస్తున్నారేమోనని పక్కవాళ్ళు అనుమానిస్తారు. నాయకుడు తిట్టినవి రాసుకోకండి, అవి రేపు పేపర్లో ఎట్లాగూ వస్తాయి. చెప్పిన అంకె, తేదీ, పథకం పేరు, ఊరి పేరు రాసుకోండి. ఇంకొకటి తప్పకుండా గమనించండి: జనం ఏ మాటకు నిజంగా కదిలారు? చప్పట్లు కొట్టమంటే కొట్టినవి వేరు, ఎవరూ చెప్పకుండానే వెనక వరుసలోని ఆడవాళ్ళు తలలూపినవి వేరు. రెండో రకం మాటలే ఆ పార్టీకి ఓట్లు తెస్తాయి. పత్తి కొనుగోలు కేంద్రంలో తేమ పేరుతో తగ్గించిన ధర గురించో, ఎంజీఎం ఆసుపత్రిలో మంచం దొరకకపోవడం గురించో అన్నప్పుడు హాలు ఒక్కసారి నిశ్శబ్దమైతే, అది మీ పార్టీ కూడా వినాల్సిన సంగతి. మీ వాళ్ళకు తెచ్చి ఇవ్వాల్సింది అదే.

పక్కాయన మీ పార్టీని తిడతాడు. మీరెవరో తెలియక తిట్టవచ్చు, తెలిసి కూడా తిట్టవచ్చు. వాదించకండి. "నీకేం జరిగిందే కాకా?" అని అడగండి. పెన్షన్ ఆగిపోయిందనో, ధరణిలో భూమి పేరు తప్పు పడిందనో, కొడుకు ఉద్యోగం పరీక్ష రద్దయిందనో చెప్తాడు. ఆ తిట్టు వెనకాల ఒక కష్టం ఉంటుంది. వేదిక మీద ఎవరూ చెప్పని విషయం మీకు ఆ కుర్చీలో తెలుస్తుంది.

అడిగేటప్పుడు

ప్రశ్నలు చీటీల మీద రాసివ్వమంటే రాసివ్వండి, కింద మీ పేరు, ఊరు స్పష్టంగా పెట్టండి. పేరు లేని చీటీని పక్కన పెట్టేయడం సులువు. మైకు ఇస్తే ముందు కృతజ్ఞత చెప్పండి: "మా పార్టీ వేరైనా నాకు మైకు ఇచ్చినందుకు ధన్యవాదాలు." మీరు ఎదుటి పార్టీ అని దాచిపెట్టకండి. తర్వాత తెలిస్తే మీ ప్రశ్న మొత్తం కుట్ర అయిపోతుంది. రాసుకున్నది చూసి చదవండి, సిగ్గుపడాల్సిన పని లేదు. చదివాక కూర్చోకండి, జవాబు అయ్యేదాకా నిలబడే వినండి.

చాలాసార్లు వచ్చే జవాబు ఒకటే: "మీ పాలనలో మీరేం చేసిండ్రు?" హాలంతా చప్పట్లు కొడుతుంది. ఇక్కడ కోపం తెచ్చుకుంటే అంతా పోయినట్టే. మీరు ముందే పెట్టుకున్న పరీక్ష ఇప్పుడు పనికొస్తుంది. "నిజమే సార్, మా వాళ్ళనూ ఇదే అడిగిన, ఇంకా అడుగుత. మీ జవాబు కూడా తెలుసుకుందామనే వచ్చిన." ఈ మాట నిదానంగా అంటే హాలు మళ్ళీ మీ వైపు చూస్తుంది. మీ వాళ్ళను నిజంగా అడిగి ఉంటేనే ఇది అనండి.

రెండోసారి కూడా తప్పించుకుంటే వదిలేయండి. ధన్యవాదాలు చెప్పి కూర్చోండి. మైకు లాక్కోవడం, వేదిక వైపు నడవడం, చెయ్యి చూపిస్తూ మాట్లాడటం, ఇవేవీ వద్దు. కుర్రాళ్ళు నినాదాలు మొదలుపెట్టి మీ చుట్టూ చేరితే నిర్వాహకుల వైపు చూసి "అన్నా, నేను పోతున్న" అని చెప్పి, పక్కదారిలో బయటికి వచ్చేయండి. మీరు ఫోన్ చేసి మాట్లాడిన మనిషి అక్కడే ఉంటాడు, చాలావరకు ఆయనే గేటు దాకా వచ్చి దించుతాడు. దెబ్బలాట దాకా వస్తే 100కు ఫోన్ చేయండి. మీ పార్టీ వాళ్ళకు మాత్రం అక్కడి నుంచి ఫోన్ చేసి రమ్మనకండి. మాటల తగువు రెండు గుంపుల కొట్లాట కావడానికి ఆ ఒక్క ఫోన్ చాలు.

బయటికి వచ్చాక

వెంటనే ఇంటికి పోకండి. గేటు బయట చాయ్ బండి దగ్గర కాసేపు నిలబడండి. వేదిక మీద కరకుగా మాట్లాడిన మండల నాయకుడే అక్కడ భుజం మీద చెయ్యి వేసి, "తమ్మీ, నువ్వడిగింది కరెక్టే గానీ పైనుంచి మాకు కాగితం రాలే" అంటాడు. ఆ మాటను ఎక్కడా రాయకండి, ఎవరికీ పేరు పెట్టి చెప్పకండి. కానీ ఇప్పుడు మీకు అసలు అడ్డంకి ఎక్కడుందో తెలిసింది.

మీరు ప్రశ్న అడిగిన వీడియో ఎవరో ఒకరు తీసే ఉంటారు. మీ పార్టీ గ్రూపులో ఎవరైనా దాన్ని కత్తిరించి "మనోడు కడిగేసిండు" అని పెడితే, తీసేయమని గట్టిగా చెప్పండి. పెట్టాలనుకుంటే మీ ప్రశ్న, వాళ్ళ జవాబు రెండూ పూర్తిగా పెట్టాలి. ముక్క వీడియో ఒక్కసారి బయటికి పోతే ఆ పార్టీ వాళ్ళు మళ్ళీ ఎవరికీ మైకు ఇవ్వరు. మీ తర్వాత వచ్చే మనిషి దారి మూసినట్టవుతుంది.

ఆ రాత్రే నోట్‌బుక్ తెరిచి మూడు మాటలు రాయండి: వాళ్ళు చెప్పినదాంట్లో నాకు తెలియనిదేమిటి, నేను ఒప్పుకోక తప్పనిదేమిటి, సరిచూసుకోవాల్సిందేమిటి. సరిచూసుకోవాల్సినవాటికి సమాచార హక్కు చట్టం ఉంది. 2005 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం కింద జిల్లా ఆఫీసులో రూ.10 ఫీజుతో దరఖాస్తు ఇస్తే 30 రోజుల్లో జవాబు రావాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు ఆ ఫీజు కూడా లేదు. నాయకుడు చెప్పిన అంకె నిజమో కాదో కాగితం మీద వస్తుంది. నిజమని తేలితే ఆయనకే ఫోన్ చేసి చెప్పండి. తప్పని తేలినా ముందు ఆయనకే చూపించండి.

ఇక మీ పార్టీ వంతు. మండల సమావేశంలో లేచి మీరు విన్నది, ముఖ్యంగా జనం కదిలిన ఆ ఒకటి రెండు సంగతులు చెప్పండి. తర్వాత మీ వాళ్ళు సదస్సు పెడుతున్నప్పుడు కరపత్రం ప్రూఫ్ మీ చేతికి తెప్పించుకొని, "చివరి అరగంట ప్రశ్నలకు, అన్ని పార్టీల వారికీ అవకాశం" అనే లైన్ రాయించండి. మీకు మైకు ఇచ్చిన ఆ నిర్వాహకుడికి మీరే ఫోన్ చేసి పిలవండి, నడిచే దారి పక్కన రెండు కుర్చీలు ఆపి పెట్టండి, కండువాలు పంచే కుర్రాళ్ళకు ఆయనెవరో ముందే చెప్పి ఉంచండి.